గోదావరి గట్టున వారాంతపు నడక: రాజమండ్రికా, కొవ్వూరుకా, యానానికా, నరసాపురానికా, కాకినాడకా?

శని, ఆదివారాలు ఖాళీ దొరికాయి, నీళ్ల పక్కన తీరిగ్గా నడుద్దాం, ఎక్కడికెళ్తే బాగుంటుంది అని అడిగితే మన డెల్టాలో ఎవరి ఊరి పేరు వాళ్లు చెప్తారు. రాజమండ్రి వాళ్లు పుష్కర ఘాట్ అంటారు, కాకినాడ వాళ్లు బీచ్ అంటారు, యానాం వెళ్లొచ్చినవాళ్లు ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఒకరికి నచ్చిన గట్టు ఇంకొకరికి నరకంలా ఉండొచ్చు, అదీ ఎండవేళ చంకలో పిల్లాడితో వెళ్తే. అందుకని ఏ ఊరు గొప్పదన్న మాట పక్కన పెట్టి, ఏ పూట వెళ్తున్నారు, ఎవరిని తీసుకెళ్తున్నారు, నడవడానికా కూర్చోడానికా అన్నది ముందు తేల్చుకోండి. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు పొద్దు. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, పడమటంతా నీళ్లే, కాబట్టి సాయంత్రం సూర్యుడు మీ ఎదురుగా ఏట్లోకి దిగుతాడు. అవతలి కొవ్వూరు పడమటి గట్టు, అక్కడ నిలబడితే పొద్దున్నే రాజమండ్రి మేడల వెనక నుంచి సూర్యుడు లేస్తాడు. నరసాపురం కూడా గోదావరి పాయ వశిష్ఠకు పడమటి గట్టే, కనుక అది కూడా పొద్దుటి ఊరు. కాకినాడకు సముద్రం తూర్పున, అక్కడైతే ఇంకా తెల్లవారకముందే చేరాలి. యానాం గౌతమి పాయకు ఉత్తరపు గట్టున ఉంది, చలికాలంలో పగలంతా ఎండ ఏటి మీదుగా మొహాన కొడుతూనే ఉంటుంది, సాయంత్రం ఐదు దాటాక వెళ్తేనే హాయి. ఈ ఒక్క సంగతి చూసుకోకుండా రాజమండ్రికి పొద్దున తొమ్మిదింటికి, నరసాపురానికి సాయంత్రం వెళ్లి "ఏముందిక్కడ" అని వచ్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

రెండోది కాళ్లు. రాజమండ్రి, కొవ్వూరు ఘాట్ల అందమంతా మెట్లలోనే ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం కూడా ఆ మెట్లతోనే. యానాం గట్టు చదును, అమ్మమ్మనైనా చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లొచ్చు.

మూడోది నీళ్లు. ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, అంటే రాజమండ్రి, కొవ్వూరుల దగ్గర, నీళ్లు ఆపిపెట్టి ఉంటాయి కాబట్టి వర్షాలు పోయాక కూడా ఏరు నిండుగా కనిపిస్తుంది. బ్యారేజీ కిందకు వచ్చాక గోదావరి పాయలుగా చీలిపోతుంది, ఎండాకాలంలో ఇసుక తేలుతుంది, ఇంకా కిందకు యానాం, నరసాపురం దాకా వెళ్తే సముద్రపు పోటు, పాటు ఏట్లో కూడా తెలుస్తాయి. నిండు నీళ్లు చూడాలంటే ఎగువకు వెళ్లండి. కదిలే నీళ్లు, పనిచేసే రేవు చూడాలంటే దిగువకు.

ఇక నీడ, మరుగుదొడ్డి, బండి పెట్టుకునే చోటు. ఈ మూడూ ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తప్పకుండా చూసుకోవాలి. ఊరు పెద్దదైతే ఇవి దొరికే అవకాశం ఎక్కువ, అంతకు మించి దీని గురించి సాగదీయక్కర్లేదు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ఒక పట్టిక:

| చోటు | మంచి పూట | ఎవరికి బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|---|
| రాజమండ్రి ఘాట్లు | సాయంత్రం | మొదటిసారి వచ్చేవాళ్లు, రైల్లో వచ్చేవాళ్లు | మెట్లు, పర్వదినాల్లో జనం |
| కొవ్వూరు గోష్పాద రేవు | తెల్లవారాక | ఒంటరిగా నడిచేవాళ్లు | నడిచే దూరం తక్కువ |
| ధవళేశ్వరం | పొద్దున, చలికాలం | చరిత్ర, ఇంజనీరింగ్ ఇష్టపడేవాళ్లు | బ్యారేజీ మీద బళ్లు |
| యానాం | సాయంత్రం | పిల్లలు, పెద్దవాళ్లు | శని, ఆదివారాల రాత్రి గుంపులు |
| నరసాపురం | పొద్దున | మనుషుల్ని, పనిని చూడాలనుకునేవాళ్లు | ముస్తాబు ఏమీ ఉండదు |
| కాకినాడ, కోరింగ | తెల్లవారుజాము | సముద్రం, అడవి కావాలనుకునేవాళ్లు | రెండు చోట్ల మధ్య బండి కావాలి |

రాజమండ్రి

డెల్టాకు తలుపు ఇదే. గోదావరి స్టేషన్లో దిగితే కొద్ది దూరంలోనే పుష్కర ఘాట్, బండి అవసరమే లేదు. ఇక్కడ నడకంటే ఘాట్ వెంబడి ఎగువకు కోటిలింగాల రేవు వైపు వెళ్లడం, మధ్యమధ్య మెట్లు దిగి కాళ్లు తడుపుకోవడం, మళ్లీ పైకెక్కడం. తిన్నగా సాగే బాట కోరుకునేవాళ్లకు ఇది అంత నచ్చదు. గుళ్లు, పూల గంపలు, కొబ్బరికాయల దుకాణాలు, పిండప్రదానాలు చేయించే పంతుళ్లు, స్నానం చేసి తడిబట్టలతో వచ్చేవాళ్లు, వీళ్లందరి మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్లాలి. నాకు అదే ఇష్టం. ఈ గట్టు అలంకారం కోసం కట్టింది కాదు, జనం రోజూ వాడుకునేది, అందుకే ఎన్నిసార్లు వెళ్లినా కొత్త మొహాలు కనిపిస్తాయి.

సాయంత్రం ఇక్కడ కూర్చోవడానికి అసలు కారణం వంతెనలు. 1900లో రైళ్లు మొదలై 1997 దాకా నడిచిన హేవ్‌లాక్ వంతెన, దాని పక్కనే కాంక్రీటు విల్లులతో కట్టిన ఆర్చ్ వంతెన, ఎగువన 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, పైన బస్సులు, కింద రైళ్లు. పాత వంతెన రాతి స్తంభాల వెనక సూర్యుడు దిగుతుంటే ఆర్చ్ వంతెన మీద రైలు వెళ్తుంది, ఒక్కో విల్లు దాటినప్పుడల్లా కిటికీ వెలుగులు విరిగి మళ్లీ కలుస్తాయి. చప్పుడు నీళ్ల మీదుగా కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫోటోలు తీసేవాళ్లు సూర్యాస్తమయానికి అరగంట ముందే మెట్ల మీద చోటు చూసుకుంటే మంచిది, ఆ తర్వాత గోదావరి హారతి కోసం వచ్చే జనంతో ఆ మెట్లే నిండిపోతాయి.

కష్టాలు కూడా చెప్పాలి. కార్తీక మాసంలో, ముఖ్యంగా సోమవారాలూ పౌర్ణమీ, తీరికైన నడకన్న మాటే మరిచిపోండి, దీపాలు చూడ్డానికైతే అంతకంటే మంచి రోజుల్లేవు. 2015 పుష్కరాల మొదటి రోజున పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు, పర్వదినం రోజున చిన్నపిల్లల్ని, పెద్దవాళ్లని ఇరుకు మెట్ల మీదకు తీసుకెళ్లకండి. 2027లో మళ్లీ పుష్కరాలు. 2025లో అఖండ గోదావరి పేరుతో హేవ్‌లాక్ వంతెన, నదీతీరం బాగుచేసే పనులకు శంకుస్థాపన కూడా జరిగింది, కాబట్టి ఏ ఘాట్ తవ్వి ఉందో, ఎక్కడ దారి మళ్లించారో బయల్దేరే ముందు ఊళ్లో ఎవర్నైనా అడిగి వెళ్లడం మేలు. నడక అయ్యాక రోజ్‌మిల్క్ తాగకుండా రాకండి, రాజమండ్రిలో అది అలవాటు.

కొవ్వూరు

అదే నీళ్లు, అవతలి ఒడ్డు, పదోవంతు జనం. గోష్పాద క్షేత్రం దగ్గర మెట్లు దిగితే ఎదురుగా రాజమండ్రి అంతా ఒక గీతలా కనిపిస్తుంది. గౌతమ మహర్షి కథలోని గోవు పాదం పడిన చోటని స్థలపురాణం, అందుకే స్నానాలకు వచ్చేవాళ్లుంటారు, అయినా మామూలు ఆదివారం పొద్దున అక్కడ ఉండేది నిశ్శబ్దమే. కాసేపు నడిస్తే గట్టు మీద చూడాల్సింది అయిపోతుంది, కనుక దీన్ని పూర్తిరోజు కార్యక్రమంగా పెట్టుకోకూడదు. రాజమండ్రిలో రాత్రి ఉండి, ఆదివారం తెల్లవారకుండా వంతెన దాటి ఇక్కడికి వచ్చి పొద్దు చూసి వెనక్కి వెళ్తే, ఒకే ఏటిని రెండు వైపుల నుంచి చూసినట్టవుతుంది. రోడ్డు–రైలు వంతెన మీద మరమ్మతులంటూ అప్పుడప్పుడు బళ్లు ఆపేస్తుంటారు, అది మాత్రం ముందు రోజే కనుక్కోండి.

ధవళేశ్వరం

చాలామంది దీన్ని నడక జాబితాలో పెడతారు, నేను సగం మాత్రమే ఒప్పుకుంటాను. బ్యారేజీ పొడవు మూడున్నర కిలోమీటర్ల పైనే, నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలతో, 175 గేట్లతో ఉంటుంది. కానీ దాని మీద రోడ్డుంది, బస్సులు, లారీలు, ట్రాక్టర్లు భుజం పక్క నుంచే వెళ్తుంటాయి. పిల్లల చెయ్యి వదలకుండా నడవాల్సినచోట తీరికేముంటుంది? అందుకని మీద నడవడం కాకుండా గట్టు మీద నుంచి చూడ్డం, కాటన్ మ్యూజియంలో ఒక గంట గడపడం నా సలహా. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ఇక్కడ ఆనకట్ట కట్టించాడు, కరువులతో అల్లాడిన నేల రెండు పంటలు పండే నేలయింది, ఇవాళ్టికీ గోదావరి జిల్లాల ఊళ్లలో ఆయన విగ్రహాలకు దండలు పడుతున్నాయంటే కారణం అదే. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1970 తర్వాత మొదలుపెట్టి 1982కి పూర్తిచేసింది. ఈ కథ పిల్లలకు చెప్పాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన చోటు లేదు, గేటు కింద నుంచి నీళ్లు నురగతో దూకుతుంటే పాఠం దానంతటదే ఎక్కుతుంది.

బండి ఉంటే బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లండి. కాలవ గట్టు రోడ్డు, రెండు పక్కలా కొబ్బరి చెట్లు, నడవాలనిపించే నీడ అక్కడ ఉంది. పూతరేకులు చేసే ఇళ్ల ముందు కాసేపు ఆగితే, బోర్లించిన కుండ వేడిగా కాగుతుంటే పల్చటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను దాని మీదుగా ఒక్క లాగు లాగేసరికి కాగితం కంటే పల్చటి రేకు లేచి వస్తుంది, అంచు పట్టుకుని చిరగకుండా తీయడంలో ఉంది ఆ ఆడవాళ్ల పనితనమంతా. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఒక్క సంగతి, ఏటా ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు, ఆ రోజుల్లో వెళ్తే అడుగున బురద తప్ప నీళ్లుండవు.

యానాం

నడకంటే నిజంగా నడవడమే అనుకునేవాళ్లకు మొదటి ఓటు యానానికే వేస్తాను. గౌతమి పొడవునా చదునైన బాట, బెంచీలు, లైట్లు, ఏనుగులు నీళ్లు పోస్తున్నట్టు కట్టిన శివలింగం, భరతమాత విగ్రహం, కూర్చోవాలంటే కూర్చోవచ్చు, పిల్లల్ని వదిలేస్తే వాళ్లు పరిగెత్తుకుంటారు. ఏరు ఇక్కడ చాలా వెడల్పు, అవతల ఎదుర్లంక కొబ్బరి తోటలు ఆకుపచ్చటి అంచులా కనిపిస్తాయి, రెండు గట్లనూ కలిపే బాలయోగి వారధి మీద సాయంత్రం బళ్ల లైట్లు వరసకడతాయి. చుట్టూ ఆంధ్రా అయినా పాలన పుదుచ్చేరిది, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. ఏటిగట్టు నుంచి కాస్త లోపలికి వెళ్తే 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, అక్కడిదాకా నడిచి వెనక్కి వస్తే ఒక మంచి సాయంత్రం గడిచిపోతుంది.

జులై, సెప్టెంబరు నెలల మధ్య ఎర్రనీరు వచ్చాక యానాం వెళ్తే పులస వేలం చూడొచ్చు. చేప చేతిలోకి రాగానే చుట్టూ మూగేవాళ్లు, ధర పెరిగేకొద్దీ వెనక్కి తగ్గేవాళ్లు, ఆ హడావిడి చూడ్డానికే వెళ్లొచ్చు, కొనడం మీ ఇష్టం. ఇక దాచకుండా చెప్పాల్సింది: శని, ఆదివారాల్లో మందు కోసమే యానాం వచ్చే గుంపులుంటాయి, రాత్రి ఎనిమిది దాటితే గట్టు మీద వాతావరణం మారిపోతుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లు చీకటి పడ్డాక కాసేపు లైట్లు చూసి బయల్దేరిపోవడం మంచిది. ఆడవాళ్లు ఒంటరిగా నడవాలనుకుంటే పొద్దున ఆరింటికి రండి, ఊరి వాళ్లే వాకింగ్‌కు వచ్చి ఉంటారు, టెన్షన్ ఉండదు.

నరసాపురం

దీనికి సరైన ప్రచారం లేదు, నాకు మాత్రం చాలా ఇష్టం. ఇక్కడ మీ కోసం ఎవరూ ఏమీ కట్టిపెట్టలేదు. వలంధర రేవు దగ్గర వశిష్ఠ గట్టున నిలబడితే అవతలి గట్టున ఉన్న సఖినేటిపల్లి నుంచి ఏరు దాటించే పంటు వస్తుంది. మోటారు సైకిళ్లు, సైకిళ్లు, చేపల గంపలు, పుస్తకాల సంచీలు, పెళ్లికి వెళ్లే పట్టుచీరలు, అన్నీ ఒకే బల్ల మీద. గట్టుకు ఆనగానే ముందు బళ్లు స్టార్ట్ అవుతాయి, తర్వాత మనుషులు దిగుతారు, చివరికి గంపలు. ఆ పంటు ఎక్కి అవతలికి వెళ్లి, కాస్త నడిచి, టీ తాగి, తర్వాతి పంటులో రావడమే ఇక్కడ నడక. వంతెన కావాలని ఈ రెండు ఒడ్ల జనం ఏళ్ల తరబడి అడుగుతున్నారు, వాళ్ల అవసరం అది, రావాలనే కోరుకుందాం. వచ్చేలోపు ఈ దాటకం చూడాలనుకునేవాళ్లు చూసేయండి.

సముద్రం దగ్గర కాబట్టి పోటు వేళ ఒక వింత కనిపిస్తుంది. ఎండాకాలంలో ఏట్లో పైనుంచి వచ్చే నీళ్లు తక్కువున్నప్పుడు, గుర్రపుడెక్క గుంపులు సముద్రం వైపు కాకుండా ఎగువకు, కొవ్వూరు వైపుకు కొట్టుకుపోతుంటాయి. కాసేపు ఆగి మళ్లీ చూస్తే అవే గుంపులు దిగువకు వస్తుంటాయి. పాటు వేళ మెట్ల మీద తడి గీత ఒకటి మిగులుతుంది, దాని కింద మెట్లన్నీ పాకుడు, చెప్పులతో దిగితే జారడం ఖాయం.

ఊళ్లో లేసు అల్లే ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని కనిపిస్తారు, చేతిలో ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ, ముచ్చట్లు ఆగవు, చేతులూ ఆగవు. ఫోటో తీయాలంటే అడిగి తీయండి. ఓపికుంటే సఖినేటిపల్లి నుంచి బస్సో ఆటోనో పట్టుకుని అంతర్వేది దాకా వెళ్లొచ్చు, లక్ష్మీనరసింహస్వామి గుడి, ఆపైన వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ల గట్టు. అయితే అది పూటలో తిరిగివచ్చే పని కాదు, మొత్తం రోజు పెట్టుకోండి. ఏసీ హోటల్, శుభ్రమైన మరుగుదొడ్డి, ఐస్‌క్రీమ్ బండి లేకపోతే ఇంట్లో గొడవయ్యే కుటుంబాలు మాత్రం నరసాపురం బదులు యానాం చూసుకోవడం మంచిది.

కాకినాడ, కోరింగ

కాకినాడ బీచ్‌లో అలలు విశాఖ అంత ఎత్తుగా ఉండవు. ఊరికి ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డం పడి ఉంది, గోదావరి తెచ్చిన ఇసుకతో గడిచిన రెండు శతాబ్దాల్లో పెరిగినదే. దాని చాటున అలలు తగ్గుతాయి. ఉత్తరంగా ఉప్పాడ వైపు వెళ్తే ఆ చాటు ఉండదు, అక్కడ సముద్రం రోడ్డునే కోసేస్తుంది, రాళ్లు పోస్తారు, తుఫానొస్తే మళ్లీ పోతుంది. కాబట్టి నడకకు కాకినాడ బీచ్, చూడ్డానికి ఉప్పాడ రోడ్డు, వాతావరణం బాగోలేని రోజున రెండోది వద్దే వద్దు. ఊళ్లో జగన్నాథపురం వంతెన మీద ఆగితే కింద ఉప్పుటేట్లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, చేపల వాసన పడనివాళ్లు ముక్కు మూసుకుని దాటేయండి.

కోరింగ మాత్రం వేరే లోకం. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే మడ అడవిలోకి చెక్క బాట వేసి ఉంది. రెండు పక్కలా బురదలోంచి వేలకొద్దీ ఊపిరి వేళ్లు పెన్సిళ్లలా పైకి లేచి ఉంటాయి, వాటి మధ్య ఎర్ర పీతలు మీ నీడ పడగానే బొరియల్లోకి దూరిపోతాయి. నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) ఉండే అడవే కానీ అది రాత్రి తిరిగే జంతువు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఆత్రేయపురం కాలవ గట్టు కాక, ఎండవేళ కూడా నీడలో నడవగలిగే చోటు ఈ మొత్తం జాబితాలో ఇదొక్కటే. ఒకప్పుడు ఇదే పేరుతో ఇక్కడ పెద్ద ఓడరేవు ఉండేది, 1839 తుఫాను దాన్ని తుడిచేసింది. బోటు షికారు పోటు, పాటులను బట్టి నడుపుతారు, వెళ్లగానే ముందు ఆ సమయం అడిగి తర్వాత నడక మొదలుపెట్టండి. దోమలు ఉంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

ఎవరికి ఏది

మొదటిసారి వచ్చేవాళ్లు, బండి లేనివాళ్లు ఆలోచించకుండా రాజమండ్రి ఎంచుకోండి: శనివారం సాయంత్రం ఘాట్లు, ఆదివారం తెల్లవారి కొవ్వూరు, మధ్యాహ్నానికి రైలు. నాకు ఒక్కటే చెప్పమంటే చెప్పేది కూడా ఇదే, ఎందుకంటే దీంట్లో పొద్దు రెండుసార్లూ మీకు అనుకూలంగా ఉంటుంది.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కలిసి వస్తుంటే కాకినాడ–కోరింగ–యానాం. తెల్లవారి బీచ్, ఎండ ముదిరేసరికి మడ అడవి నీడ, భోజనం చేసి కాస్త నడుం వాల్చి సాయంత్రానికి యానాం. కాకినాడకీ యానానికీ మధ్య సుమారు 30 కిలోమీటర్లే, కారు ఉంటే ఎవరికీ అలసట తెలియదు. తిరిగొచ్చేటప్పుడు కాకినాడలో గొట్టం కాజా కట్టించుకోండి.

డెల్టాలోనే పుట్టి ఇవన్నీ చూసేశామనేవాళ్లు నరసాపురం వెళ్లండి. బడి పిల్లలతో వెళ్లే టీచర్లు ధవళేశ్వరం. భార్యాభర్తలు ఇద్దరే మాట్లాడుకుంటూ నడవాలనుకుంటే కొవ్వూరు గాని, ఆత్రేయపురం కాలవ గట్టు గాని.

ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు మానాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కడికి వెళ్లినా బాగుంటుంది. సంక్రాంతి మూడు రోజులూ గదులు దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత తప్ప బయటికి రావద్దు, ఉక్క ఎండకంటే ఎక్కువ అలసట తెస్తుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎరుపెక్కి, ఒడ్లు ఒరుసుకుంటూ వెళ్తుంది, చూడాల్సిందే, కానీ దూరం నుంచి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటేనే ఘాట్ల మెట్లు, పంటు, లంకలు మీ ప్రణాళికలోంచి తీసేయండి. ఆ రోజుల్లో లంకల్లో వాళ్లు గొడ్లను, సామానును గట్టెక్కించుకునే పనిలో ఉంటారు, ఏటిగట్టు మీద బళ్లు ఆపి సెల్ఫీలు తీసుకుంటూ వాళ్ల దారికి అడ్డం పడకండి. మామూలు రోజుల్లో కూడా తెలియని రేవులో ఈతకు దిగొద్దు, గోదావరిలో పైకి నిలకడగా కనిపించేచోట కింద గుంత ఉండొచ్చు. స్నానం చేయాలనుంటే స్థానికులు చేసే మెట్ల దగ్గరే, వాళ్లు దిగినంత లోతే.